కొండ బుట్టకు ఊరూ పేరూ ఉండాలి

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీరు ఏజెన్సీ బడుల్లో చాలా ఏళ్ళు పనిచేశారు కదా, అక్కడి సంగతులు ఏవైనా ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. చెప్పడానికి చాలా ఉన్నాయి. కానీ ఇరవై నిమిషాల్లో ఒక్క సంగతి చెబితేనే గుర్తుంటుంది. అందుకని ఒక్కటే ఎంచుకున్నాను. కొండల్లో బతికినవాళ్ళ ఇళ్ళు, పనిముట్లు, బొమ్మలు, వాద్యాలు దాచిపెట్టే చిన్న చిన్న మ్యూజియంల గురించి మాట్లాడతాను. అలాంటివి ఎందుకు కావాలి, ఎక్కడ ఉండాలి, వాటికి మనమేం చేయగలం అన్నదే నా విషయం.

వట్లూరు సభలో కొండల మాట ఎందుకని మీకు అనిపించవచ్చు. మనకు దక్షిణాన కొల్లేరు, చుట్టూ వరి చేలు, చేపల చెరువులు. రోడ్డు మీద లారీలు, పట్టాల మీద రైళ్ళు. కొండ అంటే మనకు పాపికొండలు, అంటే లాంచీ ప్రయాణం. కానీ 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కొల్లేటి ఒడ్డు ఊళ్ళూ, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల కొండ ఊళ్ళూ ఒకే జిల్లా అయ్యాయి. జంగారెడ్డిగూడెం మీదుగా రెండు మూడు గంటలు ప్రయాణం చేస్తే చాలు, సరస్సు ఒడ్డు నుంచి అడవి అంచుకు చేరతాం.

జిల్లా గీతలు ఇప్పుడు గీసినవి. రాకపోకలు పాతవి. మన వంటింట్లోని చింతపండు, తలంటుకు వాడే కుంకుళ్ళు, ఇల్లు ఊడ్చే కొండ చీపురు, పెళ్ళి పందిట్లో వేసిన అడ్డాకు విస్తరి అన్నీ అక్కడినుంచే సంతలకు దిగాయి. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ కొంటున్న సరుకుల్లో ఇవే ముఖ్యమైనవి. గోదావరి మీద వెదురు తెప్పలు కట్టి దించేవారు. ఆ వెదురు మేదరుల చేతిలో బుట్ట అయింది, చేట అయింది. కొల్లేటి జాలరి చేతిలో ఊత అయింది, మావు అయింది. కొండవాళ్ళను ఎన్నడూ చూడనివాళ్ళు కూడా మన ఊళ్ళో కొండ సరుకు ముట్టుకోకుండా రోజు గడపలేదు.

ఇంకో బాకీ కూడా ఉంది. పోలవరం కుడి కాలువ మన ఏలూరు పక్కనుంచే పోతోంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల నీళ్ళు అందులోనే కృష్ణకు వెళుతున్నాయి. రేపు ప్రాజెక్టు పూర్తయితే ఆ నీళ్ళ ఫలం మనలాంటి పల్లపు ఊళ్ళకే ఎక్కువ. ఆ నీళ్ళు నిలవడానికి ఖాళీ అవుతున్నవి 370కి పైగా ఆవాసాలు. కదలవలసిన కుటుంబాలు సుమారు లక్ష. అందులో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. ప్రాజెక్టు కావాలా వద్దా అన్న వాదన కోసం నేను ఈ మాట ఎత్తలేదు. నీళ్ళు తీసుకునేవాడికి, నీళ్ళ కింద ఏం పోయిందో తెలుసుకోవలసిన బాధ్యత ఉంటుంది. నేను చెప్పేది అంతవరకే.

ఆ పోయేదేమిటో కొంచెం దగ్గరగా చూద్దాం.

కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ గిరిజన తెగల్లో చేర్చింది. వాళ్ళ మీద మొదటి పెద్ద పుస్తకం రాసింది ఆస్ట్రియా దేశం నుంచి వచ్చిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1940ల మొదట్లో ఆయన గోదావరి లోయలో వాళ్ళ మధ్య తిరిగి, 1945లో 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అచ్చువేశారు. పాపికొండల ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళు అడవిదున్నల కొండలు అని పిలిచేవారు. ఇంతకీ కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. కోయలకు కోయ భాష ఉంది, కొండరెడ్లు మాత్రం తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నారు. అంటే వాళ్ళ బుట్టల పేర్లు, ఉచ్చుల పేర్లు, చెట్ల పేర్లు, వానల పేర్లు అన్నీ తెలుగు మాటలే. అవి పోతే వాళ్ళ సొత్తుతోపాటు మన భాషలోనే ఒక గది మూతపడుతుంది.

కొండ ఇల్లు ఎలా ఉంటుంది? గుంజలు అడవి కర్ర. గోడలు వెదురు తడికలు, పైన మట్టి, పేడ అలుకుడు. కప్పు గడ్డి. లోపల పొయ్యి. పొయ్యి పైన అటక. ఆ అటక మీద విత్తనాల బుర్రలు, బుట్టలు, విల్లు, అమ్ములు ఉంటాయి. పట్నం నుంచి వెళ్ళినవాడికి మొదట కనబడేది మసి. గోడలకు మసి, అటకకు మసి, బుట్టలకు మసి. శుభ్రం లేదు అనుకుంటాం. కానీ ఆ మసే వాళ్ళ బీరువా. వెదురుకు పెద్ద శత్రువు పుచ్చు పురుగు. వెదురులోని పిండి పదార్థం కోసం అది లోపల తొలుచుకుంటూ పోతుంది, బయటికి సన్నటి పొడి రాలుతుంది. రోజూ పొగ తగిలే వెదురుకు ఆ పురుగు పట్టదు. విత్తనాలకూ అంతే. పొయ్యి వెలిగినన్నాళ్ళు అటక మీది సామాను పదిలంగా ఉంటుంది.

తిండి సంగతి చూడండి. జీలుగు చెట్టు మనవాళ్ళకు కల్లు చెట్టుగానే తెలుసు. జీలుగుమిల్లి పేరులోనే ఆ చెట్టు ఉంది. కానీ గింజలు అయిపోయిన కరువు నెలల్లో ఆ చెట్టు మొదలు కొట్టి, లోపలి మెత్తటి దూటను ఎండబెట్టి, దంచి, పిండి తీసి జావ కాచుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. మామిడి టెంకలు ఏరి, పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, పారే వాగులో బుట్టల్లో పెట్టి నానబెట్టి, వగరు పోయాక పిండి చేసుకున్నారు. ఏ చెట్టు ఎప్పుడు కొట్టాలి, వగరు పోయిందని ఎలా తెలుస్తుంది, ఆ బుట్ట అల్లిక ఎంత సందుగా ఉండాలి, ఇదంతా ఒక శాస్త్రం. ఏ పాఠ్యపుస్తకంలోనూ అది లేదు. చేసినవాళ్ళ చేతుల్లో ఉంది. ఆ చేతులకు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళు.

కోయల సంగతి చెప్పాలంటే కొమ్ము నాట్యం ఉంది. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, పెద్ద డోళ్ళు మెడలో వేసుకుని మగవాళ్ళు ఆడతారు. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వరసగా రేల పాటలు పాడతారు. కొత్త మామిడికాయ తినడానికి ముందు పండుగ, విత్తనం చల్లడానికి ముందు భూమి పండుగ. పండుగ కాకముందు కాయ కొయ్యకూడదు. పిందెలన్నీ రాల్చుకుని తినకుండా అడవిని కాపాడే కట్టడి అది. ఆ డోలుకు ఏ కర్ర వాడతారు, తోలు ఎలా లాగి కడతారు, వాన తగిలితే ఎలా వేడి చేసుకుంటారు అన్నవి ఆ డోలు పక్కన నిలబడి చెబితేనే అర్థమవుతాయి.

ఊరు ఖాళీ చేసినప్పుడు ఇవన్నీ ఏమవుతాయి? పునరావాస కాలనీలో సిమెంటు ఇల్లు ఇచ్చారు. వాన కురవదు, కరెంటు ఉంది, రోడ్డు ఉంది, బడి దగ్గర. ఇవి చిన్న లాభాలు కావు, ఆ లాభాలు వాళ్ళకూ తెలుసు. కానీ శ్లాబు ఇంట్లో కట్టెల పొయ్యి లేదు, అటక లేదు. తెచ్చుకున్న బుట్టలు రెండు వానాకాలాలు గడిచేసరికి పొడి రాలడం మొదలుపెడతాయి. దగ్గరలో వెదురు లేదు. కొత్తది అల్లడానికి వీలుండదు. ప్లాస్టిక్ బుట్ట ముప్పై రూపాయలకు దొరుకుతుంది. ఇంకొన్నిచోట్ల సామాను సర్దుకునే వ్యవధి కూడా దొరకలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మనుషులు గుట్టలెక్కి బతికారు. అటక మీది సామాను గుట్ట ఎక్కలేదు.

అందుకే మ్యూజియం మాట.

మనకు పెద్ద మ్యూజియంలు ఉన్నాయి. హైదరాబాదు మాసాబ్ ట్యాంక్‌లో గిరిజన సంస్కృతి పరిశోధన సంస్థ ఆవరణలో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. భోపాల్‌లో ఇందిరాగాంధీ జాతీయ మానవ సంగ్రహాలయం ఉంది. శ్యామలా కొండల మీద సుమారు 200 ఎకరాల్లో దేశం నలుమూలల గిరిజన ఇళ్ళు కట్టించారు. ఆయా తెగలవాళ్ళనే పిలిపించి, వాళ్ళ చేతులతోనే కట్టించడం అక్కడి గొప్పతనం. చెన్నై దగ్గర దక్షిణచిత్రలో దక్షిణాది పాత ఇళ్ళు ఊడదీసి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మన తీరప్రాంతపు చుట్టిల్లు కూడా అక్కడ చూడవచ్చు. ఇవి ఎంతో మేలు చేశాయి. వీటిలో లేకపోతే కొన్ని వస్తువులు ఎక్కడా ఉండేవి కావు. హైదరాబాదులోనే ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు దశాబ్దాలపాటు ఊళ్ళు తిరిగి ఆదివాసీల వాద్యాలు, పటాలు, పనిముట్లు సేకరించి 'ఆద్యకళ' పేరుతో జనం ముందు పెట్టారు. ఒక మనిషి పట్టుదలతో ఎంత పని జరుగుతుందో చూడాలంటే అది చూడాలి.

వీటికంటే చిన్నవీ, కొండకు దగ్గరవీ ఉన్నాయి. అరకు లోయలో 1996లో గిరిజన మ్యూజియం తెరిచారు. వంటింటి సామాను, నగలు, వేట పనిముట్లతోపాటు నిలువెత్తు బొమ్మలతో ఇల్లు, సంత, థింసా నాట్యం కళ్ళకు కట్టారు. రైలు దిగి కాలక్షేపానికి వెళ్ళిన పర్యాటకుడు కూడా ఓ గంట ఆగి చూస్తాడు. శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉంది. దర్శనం చేసుకున్న భక్తులు, ఆ అడవిలో ముందునుంచీ ఉన్న చెంచుల గురించి అక్కడ నాలుగు ముక్కలు తెలుసుకుంటారు. మేడారంలో సమ్మక్క సారలమ్మ గద్దెలకు దగ్గరలో కోయల మ్యూజియం ఉంది. భద్రాచలంలో ఐటీడీఏ ఆవరణలో ఒకటి ఉంది. మీలో చాలామంది ఈ నాలుగు ఊళ్ళకూ వెళ్ళి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు గుడి, కాఫీ తోట అయ్యాక ఇంకో గంట ఆ గదుల్లో గడపమని నా మనవి.

అయితే ఎన్ని గదులున్నా ఒక చిక్కు ఉంది. ఒకచోట, పేరు అనవసరం, నేను మా పిల్లలను తీసుకెళ్ళాను. గాజు పెట్టెలో చక్కటి బుట్ట. కింద చీటీ మీద "బుట్ట, వెదురు, గిరిజనులు వాడేది" అని ఉంది. మా క్లాసులో ఒక కొండరెడ్డి పిల్ల ఆ చీటీ చదివి, "సార్, ఇది విత్తనాల బుట్టా, చేపల బుట్టా, టెంకలు నానేసే బుట్టా?" అని అడిగింది. అక్కడి ఉద్యోగికి తెలియదు. ఆ పిల్ల బుట్ట అడుగు వైపు వంగి చూసి, "సందులు పెద్దవి, ఇది నీళ్ళలో పెట్టేదే" అని తేల్చింది. ఆ గదిలో ఆ బుట్ట చదవగలిగింది ఆ పిల్ల ఒక్కతే.

నేను చెప్పదలచుకున్నది ఆ చీటీ గురించే. వస్తువును దాచడం సగం పని. దాని పేరు, చేసిన మనిషి, చేసిన తీరు, వాడే రోజు, ఇవి లేకపోతే అది బొమ్మల కొలువులో బొమ్మ. ఈ సంగతులు తెలిసినవాళ్ళు రాజధానిలో ఉండరు, ఆ వస్తువు పుట్టిన ఊళ్ళో ఉంటారు. అందుకని కొండ వస్తువుల మ్యూజియం కొండకు దగ్గర్లోనే ఉండాలి. పెద్ద భవనం అక్కరలేదు. ఒక గది, ఒక పొయ్యి, నలుగురు తెలిసిన ముసలివాళ్ళు, రాసుకునే పిల్లలు ఉంటే సరిపోతుంది.

ఇది ఊహ కాదు. గుజరాత్‌లో ఛోటా ఉదయపూర్ దగ్గర తేజ్‌గఢ్ అనే ఊళ్ళో, ఆచార్య గణేశ్ దేవి మొదలుపెట్టిన ఆదివాసీ అకాడమీలో 'వాచా' అనే మ్యూజియం ఉంది. వాచా అంటే వాక్కు. అది రాఠ్వా ఆదివాసుల మధ్యనే ఉంది. వస్తువుతోపాటు మాటను కూడా దాచాలన్నది వాళ్ళ పట్టుదల. ఇంకా దూరం వెళితే స్వీడన్. ఆర్థర్ హజేలియస్ అనే ఆయన 1891లో స్టాక్‌హోంలో స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం తెరిచారు. ఫ్యాక్టరీలు వచ్చి పల్లెలు ఖాళీ అవుతున్న రోజులవి. దేశమంతటినుంచీ రైతుల ఇళ్ళు, కొట్టాలు తెచ్చి నిలబెట్టారు. ఆ తర్వాత జరిగిందే మనకు ముఖ్యం. ఆ దేశంలో ఊరూరా స్థానిక సంఘాలు ఏర్పడి, ఒక పాత ఇల్లు తీసుకుని, తమ ఊరి సామాను తామే దాచుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ అలాంటి చిన్న మ్యూజియంలు వందల కొద్దీ ఉన్నాయి. నడిపేది ప్రభుత్వం కాదు, మన సంఘంలాంటి సంఘాలు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒక కోయ కుర్రవాడే నన్ను నిలదీశాడు. "మాస్టారూ, మా తాత గోచీ, మా అమ్మమ్మ జావ కుండ గాజు పెట్టెలో పెట్టి మా పేదరికం చూపిస్తారా? మీ ఊరి మ్యూజియంలో మీ తాత గోచీ ఉందా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి.

ఒకటి, ఏది చూపాలి, ఏది చూపకూడదు అన్నది వాళ్ళే నిర్ణయించాలి. ముఖ్యంగా వేల్పుల సామాను. వాళ్ళ ఇలవేల్పుల పటాలు, జెండాలు, కొలుపు రోజున మాత్రమే బయటికి తీసే వస్తువులు ఉంటాయి. మన గుడిలో మూలవిరాట్టును తెచ్చి ప్రదర్శనకు పెట్టమంటే మనం ఒప్పుకుంటామా? అవి పూజారుల దగ్గరే ఉండాలి. మ్యూజియం గోడ మీద ఆ చోటు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, "ఇది చూపించేది కాదు" అని రాస్తే చాలు. ఆ ఒక్క చీటీయే మన పిల్లలకు మర్యాద నేర్పుతుంది.

రెండోది, ఆ కుర్రవాడు అడిగిన మన తాత సంగతి. నిజమే. మన ఊత, మావు, తాటి దోనె, ఏతాం, గూడ, కవ్వం, తిరగలి ఎక్కడున్నాయి? కొల్లేటి మీద తాటి మొద్దు తొలిచిన దోనెల్లో తిరిగినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఆ దోనె ఎలా తొలుస్తారో ఈ ముందు వరసలో కూర్చున్న పిల్లలకు తెలియదు. మనం మన సామాను దాచుకోకుండా వాళ్ళ సామాను దాచడానికి బయలుదేరితే అది వేడుక చూడడమే అవుతుంది. ఇద్దరం ఎవరిది వాళ్ళం దాచుకుని ఒకరిది ఒకరికి చూపించుకుంటే చుట్టరికం అవుతుంది.

ఇప్పుడు పుచ్చు పురుగు దగ్గరికి మళ్ళీ వస్తాను. గాజు పెట్టెలో పెట్టిన వెదురు ఎన్నాళ్ళుంటుంది? వేపాకు వేసినా, వస కొమ్ము పెట్టినా, మందు కొట్టినా దానికీ ఒక ఆయుష్షు ఉంది. పూరీ జగన్నాథుడి సంగతి తలచుకోండి. ఆయన విగ్రహం దారువు, అంటే కర్ర. కర్ర శాశ్వతం కాదని వాళ్ళకు తెలుసు. అందుకే నవకళేబరం చేస్తారు. 1996లో చేశారు, మళ్ళీ 2015లో చేశారు. కొత్త వేపమాను వెతికి కొత్త విగ్రహం చెక్కుతారు. విగ్రహం మారుతుంది, చెక్కే విద్య మారదు. ఒక తరం చెక్కుతుంటే తరువాతి తరం పక్కనుండి నేర్చుకుంటుంది. కొండ బుట్టకూ ఇదే పద్ధతి మంచిది. మ్యూజియం ఏటా ఆ ఊరి అల్లికగత్తెను పిలిచి, కూలి కాదు, గౌరవ వేతనం ఇచ్చి, పిల్లల ముందు కొత్త బుట్ట అల్లించాలి. పాతది పొడి అయిపోయినా ఫరవాలేదు. వెదురు ఎప్పుడు కోయాలో, ఏ కణుపు దగ్గర చీల్చాలో పది మంది పిల్లల చేతులకు వచ్చి ఉంటుంది. గదిలో ఒక పొయ్యి కూడా ఉండి, వారానికి రెండు రోజులు వెలిగితే ఇంకా మంచిది. వాళ్ళ పొగే వాళ్ళ వెదురును కాపాడుతుంది.

మాటల విషయంలో మనకు ఒక పెద్దాయన దారి చూపారు. గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, వ్యావహారిక భాషోద్యమం గురించి మాట్లాడుకుంటాం. కానీ ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పాటలు, కథలు, మాటలు ఏళ్ళ తరబడి రాసుకున్నారు. 1930లలో సవర వ్యాకరణం, నిఘంటువు అచ్చయ్యాయి. అప్పట్లో టేపు రికార్డర్ లేదు, జేబులో ఫోన్ లేదు. కాగితం, కలం, ఓపిక ఉన్నాయి. ఇంతకీ గిడుగు అంటే ఆకులతో, వెదురు బద్దలతో చేసిన వాన గొడుగు. ఈ పిల్లల్లో ఆ మాట విన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే మనకే తెలుస్తుంది మాటలు ఎంత త్వరగా పోతాయో.

ఇక మన సంఘం ఏం చేయగలదు? డబ్బు పోగుచేసి వట్లూరులో గిరిజన మ్యూజియం కడదామని నేను అనను. అది తప్పుడు చోటు. నేను అడిగేవి నాలుగే పనులు.

మొదటిది, మన బడిలో ఒక బీరువా. అందులో మన చేలవీ, కొల్లేటివీ పాతిక వస్తువులు. ఒక్కో వస్తువుకు ఒక చీటీ. ఆ చీటీలో ఆరు ప్రశ్నలు. దీన్ని మీ ఇంట్లో ఏమంటారు? ఎవరు చేశారు? దేనితో చేశారు? ఎలా చేశారు? ఎప్పుడు, దేనికి వాడేవారు? మన దగ్గరికి ఎలా వచ్చింది? ఈ ఆరింటికీ జవాబు లేకపోతే వస్తువు బీరువా ఎక్కకూడదు. పిల్లలు తాతలను, అమ్మమ్మలను అడిగి రాయాలి. ముందు మన ఇంట్లో ఈ పని చేతకావాలి.

రెండోది, ఈ ఆరు ప్రశ్నల చీటీలు అచ్చువేయించి, నోటు పుస్తకాలతో సహా బుట్టాయగూడెం, పోలవరం వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లలకు, పునరావాస కాలనీల బడులకు పంపుదాం. వాళ్ళ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ళే రాసుకుంటారు. కోయ మాట కోయలోనే, తెలుగు లిపిలో రాస్తారు. రాసిన పుస్తకం వాళ్ళ బడిలోనే ఉంటుంది. మనకు ఒక నకలు ఇస్తే చాలు.

మూడోది, ఫోటోలు. హైమెన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఎనభై ఏళ్ళ కిందటి ముఖాలు, ఇళ్ళు, వేషాలు. మన పూర్వ విద్యార్థుల్లో లండన్‌లో ఉన్నవాళ్ళూ ఉన్నారు, కంప్యూటర్ పనిలో ఆరితేరినవాళ్ళూ ఉన్నారు. ఆ సంస్థకు ఒక మర్యాదైన ఉత్తరం రాసి, మన గోదావరి లోయ ఫోటోలకు నకళ్ళు అడుగుదాం. అవి కాలనీ బడి గోడకు పెడదాం. ఊరు నీళ్ళ కిందికి పోయిన మనవరాలు తన ముత్తవ్వ ఇంటి గుమ్మం చూసుకుంటుంది. ఫోటో కింద పేరు లేకపోతే పేరు చెప్పగలిగేది ఆ కాలనీలోని ముసలమ్మే, లండన్ కాదు. ఆమె ఉండగానే అడగాలి.

నాలుగోది, ఏటా ఒక బస్సు. మన పిల్లలు అటు వెళ్ళాలి, వాళ్ళ పిల్లలు ఇటు రావాలి. అక్కడ మన పిల్లలకు బుట్ట అల్లడం వాళ్ళు చూపాలి. ఇక్కడ వాళ్ళకు ఊత వెయ్యడం మనం చూపాలి. భోజనం అడ్డాకు విస్తళ్ళలో పెడదాం, ఆ విస్తళ్ళు కుట్టినవాళ్ళకు సరైన ధర ఇచ్చి కొందాం.

ఈ నాలుగూ కలిపినా ఖర్చు ఈ పందిరి ఖర్చుకు మించదు. కావలసింది డబ్బుకంటే తొందర. నాకు బుట్టల పేర్లు చెప్పిన పెద్దవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. మిగిలినవాళ్ళు కాలనీ అరుగుల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళను అడిగేవాళ్ళు లేక ఆ సంగతులు వాళ్ళు ఎవరికీ చెప్పడం లేదు. వచ్చే వేసవి సెలవుల్లోనే ఆ చీటీలు వాళ్ళ దగ్గరికి చేరాలని, ఆ పని ఎవరు చేస్తారో ఈ సభ ముగిసేలోగా కార్యవర్గం పేర్లు రాసుకోవాలని కోరుతున్నాను. మొదటి పేరు నాది రాయండి.